జిల్లా న్యాయ సేవాధికార సంస్థ: ఏ కుర్చీ ఏం చేస్తుంది, పని ఎక్కడ ఆగుతుంది

తెలుగు రాష్ట్రాల్లో జిల్లా కోర్టు ఆవరణలోకి వెళితే ఒక పక్కన న్యాయ సేవాధికార సంస్థ బోర్డు కనిపిస్తుంది. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు లాయర్‌ను ఇవ్వడం, కోర్టుకెక్కకముందే తగాదా తెంపడం, జైల్లో ఉన్నవాళ్ల బెయిల్ సంగతి చూడటం దాని పని. ఫీజు లేదు. అయినా ఒకరికి వారంలో లాయర్ దొరుకుతాడు, ఇంకొకరు నెలల తరబడి తిరుగుతూనే ఉంటారు. చట్టం ఇద్దరికీ ఒకటే. సంస్థను నడిపే న్యాయాధికారులు ఎంత పట్టించుకుంటున్నారన్న దగ్గరే తేడా వస్తుంది. అందుకే ఈ సేవను దాని నాయకత్వం వైపు నుంచి సమీక్షిస్తున్నాం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. అరెస్టయి, లాయర్ లేని మనిషికి ఇప్పుడు ఇంతకంటే మంచి దారి లేదు. రాజీకి వీలున్న తగాదాలకు కూడా గట్టిగా సిఫారసు చేస్తాం. విడాకులు, భరణం, భూమి వంటి ఏళ్ల తరబడి నడిచే కేసుల్లో మాత్రం సాయం వచ్చిన లాయర్‌ను బట్టి ఉంటుంది. అక్కడ దరఖాస్తుదారు తన కేసును తానే కనిపెట్టుకుని ఉండాలి.

పై అంచెల గురించి కొద్దిగా. 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో పేదలకు ఉచిత న్యాయ సాయం అందించాలనే 39ఎ అధికరణాన్ని చేర్చింది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చినా అమలు 1995 నవంబరు 9న మొదలైంది. దేశం మొత్తానికి నల్సా, అంటే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ. దానికి భారత ప్రధాన న్యాయమూర్తి ప్యాట్రన్ ఇన్ చీఫ్, అంటే గౌరవ అధిపతి. పని నడిపేది ఎగ్జిక్యూటివ్ చైర్మన్. ఆనవాయితీగా సుప్రీంకోర్టు సీనియారిటీలో రెండో స్థానంలో ఉన్న న్యాయమూర్తిని ఆ పదవికి నామినేట్ చేస్తారు. రాష్ట్రంలోనూ ఇదే వరస: పైన హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఎగ్జిక్యూటివ్ చైర్మన్‌గా హైకోర్టు న్యాయమూర్తి మరొకరు, రోజువారీ వ్యవహారాలకు జిల్లా జడ్జి స్థాయికి తగ్గని మెంబర్ సెక్రటరీ. తెలంగాణ రాష్ట్ర సంస్థ హైదరాబాద్ పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలో న్యాయ సేవా సదన్‌లో ఉంది. ఆంధ్రప్రదేశ్ సంస్థ నేలపాడులో హైకోర్టు ఉన్న చోటే ఉంది.

న్యాయమూర్తులే నడపడం వల్ల ఒక మేలుంది. జైలు సూపరింటెండెంటుకైనా, పోలీసు అధికారికైనా, తహసీల్దారుకైనా ఇక్కడి నుంచి ఉత్తరం వెళితే జవాబు రాయక తప్పదు. ఎంత పేరున్న స్వచ్ఛంద సంస్థకూ ఆ పట్టు రాదు. అయితే ఈ పదవుల్లో ఎవరూ ఎక్కువ కాలం ఉండరు. నల్సానే చూడండి. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ 2019 నవంబరులో ఎగ్జిక్యూటివ్ చైర్మన్ అయ్యారు, 2021 ఏప్రిల్‌లో ప్రధాన న్యాయమూర్తిగా వెళ్లారు. తర్వాత జస్టిస్ లలిత్, జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ కౌల్, జస్టిస్ ఖన్నా, జస్టిస్ గవాయ్ వచ్చారు. 2025 మే లోపు ఆరుగురన్న మాట. జస్టిస్ చంద్రచూడ్‌కు అందులో దక్కింది సుమారు రెండు నెలలే. పథకం ప్రకటించినవారు దాని ఫలితాన్ని చూసేదాకా ఆ పదవిలో ఉండటం అరుదు. జిల్లా స్థాయిలో బదిలీలు ఇదే పని చేస్తాయి.

జిల్లాలో చైర్మన్ ఎవరంటే ప్రధాన జిల్లా న్యాయమూర్తి. హోదా రీత్యా వచ్చే బాధ్యత అది. ఆయన బెంచి మీద సెషన్స్ కేసులు, సివిల్ అప్పీళ్లు, పరిపాలన ఫైళ్లు అన్నీ ఉంటాయి. మీ దరఖాస్తు ఆయన దాకా వెళ్లదు, వెళ్లాల్సిన అవసరమూ ఉండదు. అసలు పని కార్యదర్శిది. సాధారణంగా సీనియర్ సివిల్ జడ్జి క్యాడర్‌లోని న్యాయాధికారి ఈ పోస్టులో ఉంటారు. దరఖాస్తు చూసి లాయర్‌ను కేటాయించేది, అవతలి పక్షానికి నోటీసు పంపేది, జైలు సందర్శించేది, బాధితుల పరిహారం ఫైలు నడిపేది, ప్యానెల్ లాయర్ (సంస్థ జాబితాలోని ప్రైవేటు లాయర్) బిల్లు పాస్ చేసేది అన్నీ ఈ ఒక్కరే. దీని కింది అంచె మండల న్యాయ సేవాధికార కమిటీ. ఆ కోర్టుల్లో సీనియర్ న్యాయాధికారి దానికి చైర్మన్.

కాబట్టి ఆఫీసులో మొదట అడగాల్సిన మాట: "ఇక్కడ రెగ్యులర్ సెక్రటరీ ఉన్నారా, ఇన్‌చార్జా?" పోస్టు ఖాళీగా ఉన్నప్పుడు ఇంకో జడ్జికి అదనపు బాధ్యత ఇస్తారు. ఆ జడ్జి తన కోర్టు ముగించుకుని సాయంత్రం వచ్చి ఫైళ్లు చూడాలి. అలాంటి చోట దరఖాస్తు పొద్దున ఇచ్చి ఊరుకుంటే లాభం లేదు. ఇన్‌చార్జి జడ్జి ఏ రోజుల్లో, ఏ వేళకు కూర్చుంటారో కనుక్కుని అప్పుడు వెళ్లాలి.

దరఖాస్తు

ఎవరికి హక్కుందో చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, అక్రమ రవాణా లేదా వెట్టిచాకిరీ బాధితులు, వరద కరువు వంటి విపత్తుల్లోనో కుల దాడుల్లోనో దెబ్బతిన్నవాళ్లు, కస్టడీలో ఉన్నవాళ్లు: వీళ్లెవరికీ ఆదాయంతో పని లేదు. మిగతావాళ్లకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏడాది ఆదాయం 3 లక్షల రూపాయల లోపు ఉండాలి. ఆచరణలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే: మహిళను కూడా ఆదాయ ధ్రువీకరణ పత్రం తెమ్మని పంపేస్తారు. అవసరం లేదు. దరఖాస్తు మొదటి వాక్యంలోనే "12వ సెక్షన్ కింద మహిళగా అర్హురాలిని" అని రాస్తే ఆ తిరుగుడు తప్పుతుంది. ఆదాయం చూపాల్సిన వాళ్లకు కూడా 13వ సెక్షన్ ప్రకారం అఫిడవిట్‌ను చాలిన రుజువుగా తీసుకోవచ్చు, నమ్మకపోవడానికి కారణం ఉంటే తప్ప.

తెల్ల కాగితం మీద తెలుగులో రాసినా చెల్లుతుంది. రాయడం రాకపోతే ఫ్రంట్ ఆఫీసులో పారా లీగల్ వాలంటీర్ (సంస్థ తరఫున సాయపడే కార్యకర్త) రాసిపెట్టాలి. కాగితంలో ఉండాల్సినవి: పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఏ కేటగిరీ, ఏ కోర్టు, కేసు నంబరు, తర్వాతి వాయిదా తేదీ, నాలుగైదు వాక్యాల్లో విషయం. ఆధార్ నకలు, కేటగిరీకి తగ్గ సర్టిఫికెట్, సమన్లో ఎఫ్ఐఆరో దావా కాపీయో ఏది ఉంటే అది జతచేయాలి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర ఎందుకంటే 2010 నాటి నల్సా నిబంధనల ప్రకారం దరఖాస్తు మీద నిర్ణయం 7 రోజుల్లోపు రావాలి, ఆ లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచి. తిరస్కరిస్తే అదే సంస్థ చైర్మన్‌కు, అంటే జిల్లా న్యాయమూర్తికి అప్పీలు చేసుకోవచ్చు. ఆయన మాటే ఆఖరు.

సాయం అంటే లాయర్ ఒక్కరే అనుకుంటారు చాలామంది. కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, సాక్షుల ఖర్చు, నకళ్లు, టైపింగ్, అనువాదం కూడా ఇందులోకే వస్తాయి. లాయర్ గానీ గుమస్తా గానీ "ఖర్చులకు" అని అడిగితే ఇవ్వనక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిక్కుంది. పరిపాలన జిల్లాలు 2022లో పెరిగినా న్యాయ వ్యవస్థ పాత 13 జిల్లాల లెక్కలోనే నడుస్తూ వచ్చింది. భీమవరం వాళ్ల సంస్థ ఏలూరులో, అనకాపల్లి వాళ్లది విశాఖపట్నంలో. అంత దూరం పోయే బదులు దగ్గరి కోర్టులోని మండల కమిటీలో దరఖాస్తు ఇచ్చేయండి. తెలంగాణలో 2022లోనే కొత్త న్యాయ జిల్లాలు ఏర్పడ్డాయి కనుక అక్కడ ఈ బాధ తక్కువ. వేరే రాష్ట్రంలో కేసు ఉంటే లాయర్‌ను ఇచ్చేది అక్కడి సంస్థే. బెంగళూరుకో చెన్నైకో కూలికి వెళ్లి కేసులో ఇరుక్కున్న శ్రీకాకుళం మనిషి కుటుంబం మాత్రం శ్రీకాకుళంలోనే దరఖాస్తు ఇవ్వొచ్చు. అక్కడి నుంచి దాన్ని పంపిస్తారు. పంపిన ఉత్తరం నంబరు, తేదీ అడిగి రాసుకోవడం మరవొద్దు.

గడువు ఆగదు

ఈ సేవలో జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. న్యాయ సాయానికి దరఖాస్తు పెట్టినంత మాత్రాన కోర్టు గడువు ఆగదు. సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో రిటెన్ స్టేట్‌మెంట్ (దావాకు మీ రాతపూర్వక జవాబు) వేయాలి, కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా. ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు హాజరుకాకుండానే ఇచ్చిన తీర్పు) అయిపోతే దాన్ని కొట్టేయించుకునే పిటిషన్‌కు 30 రోజులు. జిల్లా కోర్టుకు సివిల్ అప్పీలుకు 30, హైకోర్టుకైతే 90. లాయర్ ఇంకా రాలేదు కదా అని వాయిదాకు వెళ్లకుండా ఉండొద్దు. స్వయంగా వెళ్లి పేరు పిలిచినప్పుడు నిలబడి, న్యాయ సాయానికి దరఖాస్తు పెట్టానని ముద్ర ఉన్న ప్రతి చూపించి సమయం అడగాలి. దరఖాస్తు పైభాగంలో గడువు తేదీని ఎర్ర సిరాతో రాసి కింద గీత గీయండి. రోజూ వచ్చే కాగితాల కట్టలో అది కంటపడాలి.

లాయర్ పేరుతో కేటాయింపు ఉత్తరం వచ్చాక ఆయన ఆఫీసుకు వెళ్లి వకాలత్ (మీ తరఫున వాదించే అధికారం ఇచ్చే పత్రం) మీద సంతకం పెట్టాలి. ఆ వకాలత్ కోర్టులో దాఖలైందో లేదో ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ కేసుకు ఇచ్చిన 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు కొడితే తెలుస్తుంది. మీ పేరు పక్కన లాయర్ పేరు కనిపించాలి. రెండు వాయిదాలైనా కనిపించకపోతే కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పండి, లాయర్‌ను మార్చమని అడిగే వీలుంది. ఇంతలో సొంతంగా ఇంకో లాయర్‌ను పెట్టుకుంటే మాత్రం సంస్థ సాయం ఉపసంహరించుకోవచ్చు. ఇది తెలియక ఇబ్బంది పడేవాళ్లున్నారు.

ప్యానెల్ లాయర్లలో మనసు పెట్టి పనిచేసేవాళ్లు లేకపోలేదు, చాలామందే ఉన్నారు. చిక్కు వ్యవస్థలో ఉంది. ఫీజు బయటి రేటుకు దగ్గరగా ఉండదు. అది కూడా అంచెలంచెలుగా, రిపోర్టు ఇచ్చాకే వస్తుంది. సొంత క్లయింటు కేసూ, ఈ కేసూ ఒకే పూట వేర్వేరు కోర్టుల్లో పిలిస్తే లాయర్ ఎటు వెళతాడో ఊహించుకోవచ్చు. దీన్ని కనిపెట్టడానికే నిబంధనల్లో మానిటరింగ్ కమిటీ ఉంది. కేటాయించిన ప్రతి కేసు ఎక్కడిదాకా వచ్చిందో అది చూడాలి. మా అంచనాలో మొత్తం నాయకత్వపు పనిలో అన్నిటికంటే నీరసమైన భాగం ఇదే. పైనుంచి వచ్చే ఒత్తిడంతా జాతీయ లోక్ అదాలత్‌లో ఎన్ని కేసులు పరిష్కారమయ్యాయన్న సంఖ్య మీదే ఉంటుంది. ఆ సంఖ్యలో చిన్న చిన్న జరిమానా కేసులు కూడా కలుస్తాయి. ఒక ఒంటరి మహిళ భరణం కేసులో లాయర్ నాలుగు వాయిదాలు రాలేదన్న సంగతి ఏ పట్టికలోనూ పడదు. పడాలి.

అరెస్టయినవాళ్లకు

ఇక్కడ మెచ్చుకోవాల్సింది ఎక్కువ. 2022లో నల్సా లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి తెచ్చింది. అంటే నిందితుల తరఫున వాదించడానికే నియమించిన పూర్తికాలపు లాయర్ల ఆఫీసు. చీఫ్‌కు క్రిమినల్ ప్రాక్టీసు కనీసం 10 ఏళ్లు, సెషన్స్ విచారణలు 30 చేసి ఉండాలి. డిప్యూటీకి 7 ఏళ్లు, 20 విచారణలు. అసిస్టెంట్లు మూడేళ్ల లోపు అనుభవం ఉన్న యువ లాయర్లు. వీళ్లెవరూ బయట ప్రైవేటు కేసులు పట్టకూడదు. అదొక్కటే పెద్ద మార్పు: ఇంకో క్లయింటు కోసం మీ వాయిదా వదిలేసే అవసరం ఇక్కడ ఉండదు. ఏ కేసు ఎవరు చూడాలో చీఫ్ నిర్ణయిస్తారు కాబట్టి ఫైలు గురించి అడగాల్సింది కార్యదర్శిని కాదు, చీఫ్‌ను.

రిమాండ్ రోజునే మేజిస్ట్రేట్ ముందు "నాకు లాయర్ లేరు, ప్రభుత్వ ఖర్చుతో ఇప్పించండి" అని అడగాలి. ఈ హక్కు గురించి నిందితుడికి చెప్పాల్సిన బాధ్యత కోర్టుదేనని సుప్రీంకోర్టు 1980 డిసెంబరులో ఖత్రీ కేసులో చెప్పింది. చెప్పకుండా నడిపిన విచారణను 1986లో సుఖ్ దాస్ కేసులో కొట్టేసింది. ఇంటివాళ్లు చేయాల్సిన పని: ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్, సెక్షన్లు, అరెస్టు తేదీ, ఏ జైలు, పాత కేసులేమైనా ఉన్నాయా అన్న వివరాలు ఒక కాగితం మీద రాసి డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసులో ఇవ్వడం. జామీనుదారులుగా నిలబడేవాళ్ల ఆధార్, ఇంటి పన్ను రసీదో పట్టాదారు పాసుపుస్తకం నకలో ముందే సిద్ధం చేసుకోవాలి. బెయిల్ ఆర్డరు వచ్చాక జనం జైల్లోనే మిగిలిపోవడానికి సాధారణ కారణం జామీను కుదరకపోవడమే. ఆర్డరు వచ్చి వారమైనా మనిషి బయటికి రాకపోతే కార్యదర్శికి తెలియజేయండి. పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం తెచ్చిన పథకం కింద సాయం నిర్ణయించే కమిటీలో కలెక్టర్, ఎస్పీలతో పాటు కార్యదర్శి కూడా ఉంటారు.

విచారణ ఖైదీల సమీక్షా కమిటీకి జిల్లా న్యాయమూర్తే అధ్యక్షత వహిస్తారు. బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 479వ సెక్షన్ ప్రకారం గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, ఇతరులు సగం కాలం లోపల గడిపితే విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్న వాళ్లకు ఇది వర్తించదు. ఆ తేదీని ఇంటివాళ్లే లెక్కవేసి ఆఫీసుకు గుర్తుచేస్తే పని త్వరగా కదులుతుంది.

లోపాలూ ఉన్నాయి. ఈ లాయర్లది కాంట్రాక్టు నియామకం, మొదట రెండేళ్లకు. కేసు అంతకంటే ఎక్కువ కాలం సాగితే ఫైలు చేతులు మారుతుంది. ఒకే కేసులో ఇద్దరు నిందితులు ఒకరి మీద ఒకరు నెపం వేసుకుంటే ఒకే ఆఫీసు ఇద్దరికీ వాదించడం సరికాదు. ఒకరికి ప్యానెల్ లాయర్ కావాలని అడగండి. బాధితుల పక్షం, సివిల్ కేసులు వీళ్ల పరిధిలోకి రావు.

రాజీ, పరిహారం

కేసు వేయకముందే అర్జీ ఇస్తే కార్యదర్శి అవతలివాళ్లను నోటీసుతో పిలుస్తారు. ఆ నోటీసుకు సమన్లకున్న బలం లేదు. రాకపోతే బలవంతం చేయలేరు, ఫైలు మూసి కోర్టుకు వెళ్లమంటారు. అయినా జడ్జి సంతకంతో వచ్చిన కాగితం చూసి చాలామంది వస్తారు. కూలి బకాయిలు, చేబదుళ్లు, భార్యాభర్తల తగాదాల్లో ఇది బాగా పనిచేస్తుంది.

లోక్ అదాలత్ అవార్డుకు, అంటే అక్కడ కుదిరిన రాజీ మీద ఇచ్చే ఉత్తర్వుకు, సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు, పెండింగ్ కేసైతే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. అప్పీలు లేదు కాబట్టే సంతకానికి ముందు నిదానంగా చదివించుకోవాలి: ఎంత మొత్తం, ఏ తేదీలోపు, నగదా బ్యాంకు ఖాతాలోనా, తప్పితే వడ్డీ ఎంత, ఏయే కేసులు వెనక్కి తీసుకుంటున్నారు. "త్వరలో చెల్లిస్తారు" అని రాసిన అవార్డుతో తర్వాత ఎగ్జిక్యూషన్ పిటిషన్ (దాన్ని అమలు చేయించే పిటిషన్) నడపడం నరకం.

శాశ్వత లోక్ అదాలత్ వేరే సంగతి, దీన్ని జనం తగినంతగా వాడుకోవడం లేదు. కరెంటు, నీళ్లు, బీమా, ఆస్పత్రి, రవాణా, తపాలా వంటి సేవల మీద 1 కోటి రూపాయల దాకా తగాదాలు ఇక్కడ తేల్చుకోవచ్చు. జిల్లా జడ్జిగా చేసినవారు చైర్మన్, మరో ఇద్దరు సభ్యులు. రాజీ కుదరకపోతే ఈ బెంచి మంచిచెడ్డలు విచారించి తానే తీర్పు చెప్పగలదు. బీమా కంపెనీ మొండికేసిన చోట ఆ అధికారం ఎంతో విలువైనది. అయితే ఇంకే కోర్టులోనూ కేసు వేయకముందే ఇక్కడికి రావాలి.

నేర బాధితుల పరిహారం కూడా కార్యదర్శి దగ్గరే కదులుతుంది. బీఎన్ఎస్ఎస్ 396వ సెక్షన్ కింద దరఖాస్తు మీద 2 నెలల్లో విచారణ పూర్తి చేయాలి. నిందితుడు ఎవరో తెలియకపోయినా, దొరక్కపోయినా అడగొచ్చు. ఎఫ్ఐఆర్, వైద్య పత్రాలు, ఆస్పత్రి బిల్లులు, బాధితుల బ్యాంకు పాసుపుస్తకం నకలు జతచేయాలి. వైద్య ఖర్చు ముంచుకొస్తుంటే మధ్యంతర సాయం కావాలని విడిగా ఒక పేరా రాయండి. రాయకపోతే ఎవరూ తమంతట తాము ఇవ్వరు.

ఫిర్యాదు చేయాల్సి వస్తే వరస ఇది: లాయర్ మీదైతే కార్యదర్శికి, కార్యదర్శి ఆఫీసు మీదైతే జిల్లా న్యాయమూర్తికి, అక్కడా కదలకపోతే రాష్ట్ర సంస్థ మెంబర్ సెక్రటరీకి రిజిస్టర్డ్ పోస్టులో. డబ్బు అడిగారన్న ఫిర్యాదైతే తేదీ, మొత్తం, ఎలా ఇచ్చారన్నది తప్పక రాయాలి, ఫోన్‌పే చెల్లింపు స్క్రీన్‌షాట్ ఉంటే జతచేయాలి. కేటాయింపు ఉత్తరం నంబరు లేకుండా పంపిన ఫిర్యాదు ఏ ఫైలుకు చెందిందో తేలక పక్కన పడిపోతుంది. ఏ ఆఫీసుకు వెళ్లాలో కూడా తెలియని పరిస్థితిలో 15100కు ఫోన్ చేస్తే ఏ సంస్థను కలవాలో చెబుతారు.